శబ్ద సమన్వయ పేటిక

తీర జలరవాణా సంస్థలో లాంచీలు నడవడం మానేసి చాలా కాలమైంది. గోదావరి పాయల మీద వంతెనలు పడ్డాక జనం బస్సులెక్కారు, లాంచీలు ఒడ్డెక్కాయి. సంస్థ మాత్రం కాకినాడలో ఉప్పుటేరు గట్టున, మూడంతస్తుల మేడలో నిక్షేపంగా నడుస్తోంది. అందులో అధికారులున్నారు, గుమాస్తాలున్నారు, నాలుగో తరగతి సిబ్బంది ఉన్నారు. ముగ్గురికీ మూడు సంఘాలున్నాయి. వీటన్నిటికీ మించి ఒక ఆర్కెస్ట్రా ఉంది. నిజం చెప్పాలంటే ఆ సంస్థ మొత్తం మీద జనానికి అంతో ఇంతో పనికొచ్చేది ఆ ఆర్కెస్ట్రా ఒక్కటే.

నల్లి బర్నబాసు అందులో బాస్ గిటారు వాయించేవాడు. ఉద్యోగరీత్యా స్టోర్సులో సహాయకుడు. స్టోర్సులో ఉన్నవల్లా పాత లంగర్లూ తుప్పు పట్టిన గొలుసులూ. వాటిని ఎత్తుకుపోయే ఓపిక దొంగలకి కూడా లేదు కాబట్టి బర్నబాసుకి సాధన చేసుకునే తీరిక బాగానే దొరికేది. చిన్నప్పుడు చర్చిలో పాటగాళ్ళ వెనక నిలబడి పట్టుబడ్డ విద్య అది. నాలుగు లావుపాటి తీగలు. వాయిస్తున్నంతసేపూ ఎవరికీ పట్టదు, ఆపితే మాత్రం పాట కింద నేల జారిపోయినట్టు ఉంటుంది. కచేరీ అయ్యాక జనం గాయనిని చుట్టుముడతారు, డ్రమ్ములు కొట్టే అప్పలకొండ భుజం తడతారు. బర్నబాసు దగ్గరికొచ్చి, "మీరు కూడా ఏదో వాయిస్తున్నట్టున్నారండీ," అంటారు. "ఆయ్, ఏదోనండి," అని అతను నవ్వేసేవాడు. నవ్వేవాడే గానీ, ఆ మాట ముల్లులా లోపల ఎక్కడో గుచ్చుకునే ఉండేది.

ఆ ఏడాది ఆర్కెస్ట్రాకి కొత్త యాంప్లిఫయర్ వచ్చింది. బాస్ గిటారు కోసమే చేసిన నల్లటి పెద్ద పెట్టె. దాని నెత్తిన ఈక్వలైజర్ పేరుతో పైకీ కిందికీ జరిగే మీటలు వరసగా ఉన్నాయి. ఎడమవైపువి బాస్ మీటలు. అవి ఎత్తితే అడుగు స్వరాల గుమ్మనే మోత పెరుగుతుంది. కుడివైపువి ట్రెబుల్ మీటలు. తీగ మీద వేలు పడిన చురుకు వినపడాలంటే అవి ఎత్తాలి. నడిమివి మిడ్. సమావేశ మందిరం ఒకప్పటి గోదాము, పైన రేకులు. మధ్య స్వరాలు ఆ రేకులకి తగిలి ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు మోగేవి. బర్నబాసు అప్పలకొండని తీగ మీటుతూ ఉండమని, తను మందిరం చివరిదాకా నడిచి, చెవి రిక్కించి విని, వెనక్కొచ్చి ఓ మీట వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ నడిచి వెళ్ళేవాడు.

"ఒరే, నాకేం తేడా తెలీట్లేదురా," అన్నాడు అప్పలకొండ వేలు నోట్లో పెట్టుకుని.

"నీకు తెలియక్కర్లేదు, వాయించు."

చివరికి ఓ సాయంత్రం కుదిరింది. బాస్ కొంచెం పైకి, ట్రెబుల్ ఓ పిసరు పైకి, మిడ్ పల్లంలోకి. ఒక్కో స్వరం గుండ్రంగా, దేనికది విడిగా వచ్చి చివరి గోడ దగ్గర నిలబడ్డవాడి గుండెకి తగిలేది. బర్నబాసు ఇంటికెళ్ళి ఆ రాత్రి అన్నం మారు అడిగి తిన్నాడు.

సరిగ్గా అప్పుడే సంస్థకి కొత్త మేనేజింగ్ డైరెక్టర్ చక్రధరరావు వచ్చాడు. సమ్మిళిత పరిపాలన మీద ఎక్కడో కొండ ప్రాంతంలో శిక్షణ పొంది నేరుగా వచ్చిన మనిషి. ఆ వేడి ఇంకా తగ్గలేదు. నడవని లాంచీల మధ్య సమ్మిళితం చెయ్యడానికి ఏమీ దొరక్క, తిరుగుతూ తిరుగుతూ రిహార్సల్‌కి వచ్చాడు. గాయనిని పలకరించి, డ్రమ్ములు మెచ్చుకుని, బర్నబాసు ముందు ఆగాడు.

"ఈ మీటలు ఏమిటివి?"

పాతికేళ్ళ వాయిద్య జీవితంలో బర్నబాసుని ఇలాంటి ప్రశ్న అడిగినవాడు లేడు. అతని మొహం వెలిగిపోయింది. పెద్దాయనకి అర్థమయ్యే భాషలో చెప్పాలని తాపత్రయపడ్డాడు. అదే కొంప ముంచింది.

"మన ఆఫీసే అనుకోండి సార్. ఈ ఎడం పక్కవి బాసండి, అడుగునుండి అంతా మోసేవి. అంటే మన నాలుగో తరగతి వాళ్ళండి. కుడి పక్కవి ట్రెబులు, పైన తళతళా మెరిసేవి. అంటే తమలాంటి ఆఫీసర్లండి. నడిమివి మన గుమాస్తాలండి."

చక్రధరరావు వంగి చూశాడు. "నడిమివి దిగిపోయి ఉన్నాయేం?"

"అవి పైకొస్తే రొదండి. నొక్కేస్తేనే వినసొంపుగా ఉంటది."

గుమాస్తాల సంఘం కార్యదర్శి సత్తిరాజు వెనక వరసలో కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు. అతని దవడ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న మెట్ల దగ్గర నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో ఓ ప్రశ్న కనిపించింది: "గుమాస్తాలు రొదా?" మధ్యాహ్నానికల్లా గుమాస్తాలందరూ నల్లబ్యాడ్జీలు పెట్టుకుని, పని చెయ్యడం మానేశారు. మానేసినట్టు ఎవరికీ తెలియదు గనుక ఆ సంగతి కూడా నల్లబల్ల మీద రాశారు.

చక్రధరరావు బర్నబాసుని తన గదికి పిలిపించాడు. కోప్పడలేదు. ఆయన కళ్ళల్లో ఏదో కనిపెట్టినవాడి కాంతి ఉంది.

"ఈక్వలైజర్ అంటే అర్థం ఏమిటయ్యా?"

"మీటలండి..."

"సమం చేసేది. పేరులోనే ఉంది. సమం చెయ్యడానికి ఇచ్చిన పరికరంతో నువ్వు అసమం చేస్తున్నావు."

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. "సంస్థ ఆవరణయందు ఉత్పన్నమగు సమస్త శబ్దములలోను అన్ని శ్రేణుల స్వరములకు సమాన ప్రాతినిధ్యము కల్పించవలెను. పేరునందే సమానత్వము ఇమిడియున్న పరికరమును వివక్షకు వినియోగించుట తీవ్రముగా పరిగణింపబడును." బర్నబాసు మీటలన్నీ ఒకే గీత మీదికి తెచ్చాడు. ఆ రోజు రిహార్సల్‌లో బాస్ గిటారు తడిసిన అట్టపెట్టెని కర్రతో కొట్టినట్టు మోగింది. సత్తిరాజు మాత్రం ముందు వరసకి వచ్చి కూర్చుని, బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. నాలుగో తరగతి సంఘం అధ్యక్షురాలు మామిడి లోవమ్మ, కింద అంతస్తులో అటెండరు, స్టోర్సు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏటి బాబూ బర్నబాసూ, నిన్నటిదాకా మేం కాస్త మీదున్నామంట గదా?"

"ఉన్నారక్కా."

"ఇప్పుడు అందరితోటి సమానం సేసేరంట. అంటే మమ్మల్ని దించినట్టే గదా. ఇన్నేళ్ళకి ఒక్క సోట మీదుంటే, అదీ సూడలేకపోనారా?"

బర్నబాసుకి ఆలోచించిన కొద్దీ ఆవిడ మాటలో తప్పు కనిపించలేదు.

అధికారుల సంఘం తరఫున ఇందుశేఖర్ వచ్చాడు. ఆయన ఎవరినీ నిందించలేదు. "సమానత్వాన్ని మేము సూత్రప్రాయంగా ఆహ్వానిస్తున్నాం. అయితే ట్రెబుల్ లోపించినప్పుడు శబ్దానికి దిశానిర్దేశం కొరవడుతుంది. కాబట్టి బాధ్యతల దృష్ట్యా ట్రెబుల్‌కి స్వల్పమైన వెసులుబాటు కోరుతున్నాం. స్వల్పమే సుమా." ఆ స్వల్పం ఎంతో మీట మీద చూపించమంటే చివరి గీత చూపించాడు.

మూడు సంఘాల నాయకులతో శబ్ద సమతుల్య పర్యవేక్షక సంఘం ఏర్పడింది. రిహార్సల్ జరుగుతున్నంతసేపూ ముగ్గురూ యాంప్లిఫయర్ చుట్టూ కుర్చీలు వేసుకుని, ఎవరి మీటల మీద వాళ్ళు చెయ్యేసి కూర్చునే హక్కు సంపాదించారు. పల్లవి మొదలవగానే సత్తిరాజు మిడ్ ఎత్తాడు. లోవమ్మ ఊరుకుంటుందా, బాస్ ఎత్తింది. ఇందుశేఖర్ ఇద్దరి వైపూ చిరునవ్వుతో చూస్తూ ట్రెబుల్ ఎత్తాడు. చరణం చేరేసరికి అన్ని మీటలూ కొసకి చేరాయి. రేకులు లబలబలాడాయి. చూరులోని పావురాలు ఆ సాయంత్రమే పక్క మేడకి కాపురం మార్చేశాయి. గాయని తలకి గుడ్డ కట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

వార్షికోత్సవం దగ్గర పడుతోంది. ఆ ఏడు ముఖ్య అతిథిగా రాజధాని నుంచి శాఖ కార్యదర్శి వస్తున్నాడు. లాంచీలు లేని జలరవాణా సంస్థ ఇంకా ఎందుకు ఉందో చూసిపోదామని వస్తున్నాడని అందరికీ తెలుసు. ఆయనకి చూపించడానికి సంస్థ దగ్గర ఆర్కెస్ట్రా తప్ప మరొకటి లేదు. చక్రధరరావు బర్నబాసుని మళ్ళీ పిలిచాడు.

"ఏకాభిప్రాయం సాధించండి. లేదా ఆర్కెస్ట్రాని రద్దుచేసి, యాంప్లిఫయర్‌ని స్టోర్సులో పడేయిస్తాను."

స్టోర్సుకి కాపలా బర్నబాసే. లంగర్ల మధ్య ఆ నల్లపెట్టె మీద దుమ్ము తుడుస్తూ గడపబోయే మిగతా ఉద్యోగ జీవితం అతని కళ్ళ ముందు కదిలింది. బయటికొచ్చి మెట్ల మీద చతికిలబడ్డాడు. అప్పలకొండ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వాళ్ళకి కావల్సింది మీటలేగదరా," అన్నాడు అప్పలకొండ. "శబ్దం కాదుగా."

బర్నబాసు అతని మొహంలోకి చూశాడు. తర్వాత ఇద్దరూ లేచి స్టోర్సులోకి వెళ్ళారు.

ఒక పాత లాంచీలోంచి పీకేసిన వైర్‌లెస్ పెట్టె దొరికింది. అప్పలకొండ దానికి నల్లరంగు వేశాడు. బర్నబాసు ఎప్పుడో చెడిపోయిన సౌండ్ మిక్సర్ మీంచి మీటలు ఊడదీసి వరసగా బిగించాడు. ముందువైపు ఓ ఎర్రదీపం, దానికి లోపల బ్యాటరీ. పెట్టెలో ఇంకేమీ లేదు. వెనకనుంచి ఒక లావుపాటి వైరు బయల్దేరి, బల్ల దిగి, తివాచీ కిందికి వెళ్ళేది. అక్కడితో ఆ వైరు ప్రయాణం ముగిసేది. అసలు యాంప్లిఫయర్‌ని వేడెక్కుతోందన్న మిషతో వేదిక వెనక తెరచాటుకి చేర్చి, దాని మీటలు మొదట్లో కుదిర్చినట్టే మళ్ళీ కుదిర్చాడు.

మర్నాడు రిహార్సల్‌లో కొత్త పెట్టెని పర్యవేక్షక సంఘం ముందు పెట్టి, "దీన్లోంచి మీ ముగ్గురి మీటలూ విడివిడిగా పనిచేస్తాయండి. ఎవరిది ఎత్తినా పక్కవాళ్ళది తగ్గదు," అన్నాడు. ఆ చివరి మాటలో అబద్ధం లేదు. చెప్పి వాయించడం మొదలెట్టాడు.

సత్తిరాజు ముందుగా మిడ్ ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. "ఇదండీ. ఇన్నాళ్ళూ తొక్కిపెట్టింది దీన్నే."

లోవమ్మ తన మీట ఎత్తి రొమ్ము మీద చెయ్యేసుకుంది. "ఇక్కడ తగల్తంది బాబూ. ఎప్పుడూ తగల్లేదు ఇలాగ."

"స్పష్టత," అన్నాడు ఇందుశేఖర్, వేలితో గాల్లో గీత గీస్తూ. "స్పష్టత వచ్చింది."

బర్నబాసు అంతసేపూ వాయించింది ఒకే స్వరం, ఒకే తీరు. డ్రమ్ముల వెనక అప్పలకొండ తల దించుకుని, కర్రలు వెతుక్కుంటున్నట్టు నటించాడు.

సంస్థలో శాంతి నెలకొంది. చక్రధరరావు ఆ పెట్టెకి శబ్ద సమన్వయ పేటిక అని పేరు పెట్టి, తన మూడు సంఘాలనీ పేరుపేరునా అభినందించాడు. పేటికకి పట్టు గుడ్డ కుట్టించారు, విడిగా ఒక గది ఇచ్చారు, ఆ గదికి తాళం వేశారు, తాళానికి సంరక్షకుడి పోస్టు మంజూరు చేశారు. సంఘాల మధ్య చర్చలు జరిగి, భక్తి గీతాలకి బాస్ పైన, దేశభక్తి గీతాలకి మిడ్ పైన, యుగళగీతాలకి ట్రెబుల్ పైన ఉండాలని ఒప్పందం కుదిరింది. పక్క సంస్థల వాళ్ళు వచ్చి చూసి, ఇలాంటిది తమకి కూడా ఉంటే ఎంత బాగుండునని వెళ్ళారు. ఇవన్నీ చూస్తూ బర్నబాసు హాయిగా వాయించుకునేవాడు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నవ్వు రావడం మానేసింది, అలవాటైపోయింది.

ఉత్సవం ఇంకొన్ని రోజులుందనగా, పాట మధ్యలో ఎర్రదీపం టప్పున ఆరిపోయింది.

"బాస్ పోయింది," అంది లోవమ్మ లేచి నిలబడి.

"మిడ్ కూడా," అన్నాడు సత్తిరాజు.

"నాకు అసలేమీ వినిపించడం లేదు," అన్నాడు ఇందుశేఖర్.

తెరవెనక యాంప్లిఫయర్ గోడలదిరేలా మోగుతూనే ఉంది. బర్నబాసు బిత్తరపోయి వాయించడం ఆపాడు. బ్యాటరీ మారిస్తే సరిపోతుందని అనబోయాడు గానీ, సంరక్షకుడు అప్పటికే పేటికకి గుడ్డ కప్పేశాడు. మంజూరైన వస్తువు మీద స్టోర్సు సహాయకుడు చెయ్యి వెయ్యడానికి వీల్లేదట. పేటికని పరికరాలు పరీక్షించే ఓ కేంద్రానికి పంపారు. అది తిరిగొచ్చేదాకా ఆర్కెస్ట్రా వాయిస్తే సహించేది లేదని మూడు సంఘాలూ మొట్టమొదటిసారిగా ఒకే కాగితం మీద సంతకాలు చేశాయి.

రెండ్రోజులు బర్నబాసుకి అదే ధ్యాస. కేంద్రంవాళ్ళు మూత తీసి చూస్తే? ఖాళీ పెట్టె అని రాసి పంపిస్తే? తను పోతే పోయాడు, అప్పలకొండకి ఆడపిల్లల చదువులున్నాయి. ముందే చెప్పేసి తప్పంతా నెత్తినేసుకుందామని నిశ్చయించుకుని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, చక్రధరరావు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"సార్, ఆ పెట్టెలో ఏమీ లేదండి."

"పోయిందా?"

"పోడం కాదండి. మొదట్నుంచీ లేదు. నేనే చేశాను. అది దేనికీ తగిలించలేదండి. వైరు తివాచీ కిందే ఆగిపోద్ది."

చక్రధరరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "కూర్చో. అది పనిచేస్తోందని మూడు సంఘాలూ రాసిచ్చాయి. అవునా?"

"ఇచ్చాయండి."

"దాని మీద మన డైరెక్టర్ల బోర్డు హర్షం వెలిబుచ్చింది. దాని రక్షణకి ఒక పోస్టు మంజూరైంది. ఏమీ లేనిదానికి ఎక్కడైనా పోస్టు మంజూరవుతుందా?"

ఈ సంస్థలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం అంత తేలిక కాదనిపించింది బర్నబాసుకి.

"నీకు ఈమధ్య శ్రమ ఎక్కువైంది," అన్నాడు చక్రధరరావు దయగా. "అంత గొప్ప పరికరం చేసి, ఏమీ లేదంటున్నావు. వినయం మంచిదే. కానీ సంస్థ ప్రతిష్ఠకి భంగం కలిగేంత వినయం క్రమశిక్షణారాహిత్యం కిందికి వస్తుంది. వెళ్ళి విశ్రాంతి తీసుకో."

సస్పెండవడానికి సిద్ధపడి వచ్చినవాడికి అది కూడా దక్కలేదు. నిజం చెప్పినా చెప్పినట్టు కాకపోవడం అతనికి అదే మొదలు.

ఉత్సవం ముందురోజు పేటిక తిరిగొచ్చింది, ధ్రువపత్రంతో సహా. "పేటిక పరీక్షింపబడినది. దీపమునకు సంబంధించిన లోపము సరిచేయబడినది. ట్రెబుల్ యందు గమనింపబడిన స్వల్ప వణుకు నివారింపబడినది. పేటిక సంతృప్తికరముగా పనిచేయుచున్నది." ఎర్రదీపం వెలుగుతోంది. చక్రధరరావు ఆ కాగితం బర్నబాసుకి చూపించి, చిన్నగా తలాడించాడు.

ఉత్సవం నాడు గోదాము కిటకిటలాడింది. ముందు వరసలో శాఖ కార్యదర్శి, పక్కనే చక్రధరరావు. వేదిక మీద పట్టు గుడ్డ తీసిన పేటిక, దాని చుట్టూ పూలదండలతో ముగ్గురు నాయకులు. పాట మొదలైంది. నాలుగు స్వరాలు వాయించాడో లేదో బర్నబాసు మనసు చివుక్కుమంది. ఖాళీ మందిరానికి కుదిర్చిన శబ్దం అది. ఇప్పుడు ఇంతమంది ఒళ్ళూ, ఇన్ని పట్టుచీరలూ ఆ చురుకంతా పీల్చేసుకుంటున్నాయి. స్వరాలు ముద్దముద్దగా, ఉన్ని దుప్పటి కిందనుంచి వస్తున్నట్టు ఉన్నాయి. అసలు యాంప్లిఫయర్ తెరవెనక ఉంది. దాని దగ్గరికి వెళ్ళాలంటే వాయించడం ఆపి, వేదికంతా దాటాలి. కార్యదర్శి అప్పుడే ఒకసారి గడియారం చూసుకున్నాడు.

బర్నబాసు వాయిస్తూనే మెల్లగా పక్కకి జరిగి, ఇందుశేఖర్ వైపు వంగాడు.

"సార్, కొంచెం ఎత్తండి."

ఇందుశేఖర్ మీట ఎత్తాడు.

"ఇంకాస్త. ఆఁ, అక్కడుంచండి."

బర్నబాసు కళ్ళు మూసుకుని విన్నాడు. తెర తొలగినట్టు స్వరాలు విడివడ్డాయి. వేలు తగిలిన ప్రతి చోటా తీగ చురుగ్గా పలికింది. అతని భుజాలు తేలికపడ్డాయి, వేళ్ళకి హుషారొచ్చింది. చరణంలో ఎప్పుడూ వాయించని ఓ చిన్న గమకం కూడా వేశాడు. కార్యదర్శి బూటు నేల మీద తాళం వెయ్యడం మొదలెట్టింది. పాట అయ్యేసరికి గోదాము చప్పట్లతో దద్దరిల్లింది.

రెండో పాటకి ముందు అప్పలకొండ డ్రమ్ముల మీంచి ముందుకి వంగి, చెవిలో అడిగాడు. "ఏం చేశావురా? ఒక్కసారి బలే విడిపోయిందే."

"ట్రెబుల్ కొద్దిగా ఎత్తించాను," అన్నాడు బర్నబాసు మొహం తుడుచుకుంటూ.

ఆ పెట్టెకి రంగు వేసి, మూత మేకులు బిగించిన అప్పలకొండ తలూపాడు.

"అదే అనుకున్నా," అన్నాడు.